ఇసుక మీద అడవి, అడవిలో సైకిలు

(సంఘం ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణానికీ కవి సమ్మేళనానికీ నడుమ సైకిళ్ళ మీద ఉపన్యాసమేమిటని కార్యక్రమ పత్రం చూసి కొందరు నవ్వుకొన్నారు. మేమూ నవ్వుకొన్నాము. అయితే కిందటి వేసవిలో జరిగిన ఒక సంగతి మూలంగా, మా ఆదివారపు సైకిలు ప్రయాణాలకు సంఘం పేరు వుండాలా, తీసివేయాలా అన్న చర్చ కార్యవర్గంలో మూడు సమావేశాలుగా నడుస్తున్నది. విన్నవారు విన్నట్లు చెప్పుకొంటున్నారు గనుక, జరిగినది జరిగినట్లు మేమే చెప్పడం మంచిదని నాలుగు కుటుంబాల వాళ్ళం కూర్చుని ఈ నాలుగు మాటలూ రాసుకొన్నాము. చదివే గొంతు ఒకటే గాని మాట అందరిదీ.

ముందు అడవి సంగతి. మనలో చాలామంది నార్విచ్ వైపు ఏ11 రోడ్డు మీద వెళ్ళినవారే. థెట్‌ఫర్డ్ దగ్గర పడేసరికి రోడ్డు పక్కన గోడ కట్టినట్టు పైన్ చెట్లు కనిపిస్తాయి. నార్ఫోక్, సఫోక్ కౌంటీల సరిహద్దు మీద సుమారు 19 వేల హెక్టార్లు, అంటే మన లెక్కలో 47 వేల ఎకరాల అడవి అది. బ్రిటన్‌లో పల్లపు ప్రాంతపు పైన్ అడవులలో ఇదే పెద్దది. మేము ఏళ్ళ తరబడి కారు అద్దాల్లోంచి చూసి, ఆదిమ కాలం నుంచీ వున్న అడవే కాబోలు అనుకొన్నాము. తీరా విచారిస్తే, దాని వయస్సు మన తాతగారి వయస్సే.

అక్కడి నేలను బ్రెక్‌లాండ్ అంటారు. అడుగున సుద్ద, పైన ఇసుక. ఏడాదికి కురిసే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. అనంతపురం వారు ఈ సభలో వున్నారు, వారికి ఆ అంకె విన్నట్టే వుంటుంది. చెట్లు లేని కాలంలో ఆ ఇసుక ఒక చోట నిలిచేది కాదు. లేకన్‌హీత్ దగ్గర లేచిన ఇసుక సుమారు అయిదు మైళ్ళు దొర్లి వచ్చి శాంటన్ డౌనమ్ అనే పల్లె మీద పడి ఇళ్ళను పూడ్చివేసింది. పక్కనున్న లిటిల్ ఊజ్ నదిని కూడా కమ్మింది. ఆ ఊరి ఆసామి థామస్ రైట్ ఆ కథంతా రాసి పంపగా, 1668లో రాయల్ సొసైటీ వారి పత్రికలో అచ్చయింది. ఆయన ముళ్ళపొదలతో కంచె వేసేవాడు. ఇసుక వచ్చి కంచెను ముంచేది. ఆ ఇసుక మీదనే మళ్ళీ కంచె వేసేవాడు. చదువుతుంటే మనకు నవ్వాలో ఏడవాలో తెలియదు. తుపాను తర్వాత ఇసుక మేట వేసిన పొలం చూసిన కోస్తా వారెవరికైనా ఆయన బాధ చప్పున అర్థమవుతుంది.

పంట సరిగా పండని ఆ నేలలో శతాబ్దాల పాటు కుందేళ్ళను పెంచారు, మాంసానికీ, బొచ్చుకూ. ఆ కుందేళ్ళు గడ్డిని వేళ్ళదాకా కొరికి ఇసుకకు మరింత స్వేచ్ఛ యిచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధంలో దేశానికి కలప చాలక ఇబ్బంది పడ్డ మీదట 1919లో ఫారెస్ట్రీ కమిషన్ ఏర్పడింది. థెట్‌ఫర్డ్‌లో 1922 నుంచీ మొక్కలు నాటారు. వరుసలు తీసి, చేత్తో నాటినవి. 1930ల నాటి ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు పోయిన కార్మికులను శిబిరాలకు తెచ్చి ఆ పని చేయించారు. కనుక ఆ చెట్ల వరుసల్లో ఎక్కడో ఉన్న ఊరు విడిచి వచ్చిన మనుషుల చేతి చెమట వుంది.

స్కాట్స్ పైన్ ఈ దేశపు చెట్టు. దానితో పాటు కోర్సికా ద్వీపపు పైన్ తెచ్చి వేశారు. ఆ ఇసుకలో, ఆ కొద్దిపాటి వానలో పరదేశపు చెట్టే బాగా ఎదిగింది. ఎన్నో దశాబ్దాలు అదే అడవికి రాజు. తర్వాత ఆకులకు ఎర్రపట్టీల తెగులు పట్టుకొని, 2000 తర్వాతి దశకంలో దాన్ని కొత్తగా నాటడం ఆపవలసి వచ్చింది. ఇప్పుడు రకరకాల చెట్లు కలిపి వేస్తున్నారు. మన వేటపాలెం, చీరాల వైపు సముద్రపు ఇసుకను పట్టి వుంచిన సరుగుడు తోటలు కూడా ఆ తీరానికి తెచ్చి నాటినవే కదా.

ఆ అడవి అంచున ఎల్వెడెన్ అనే ఊరుంది. 1863లో ఆ ఎస్టేటు కొని అక్కడ కాపురమున్నవాడు పంజాబు చివరి మహారాజు దులీప్ సింగ్. సమాధి ఆ ఊరి చర్చి ఆవరణలోనే. 1999లో థెట్‌ఫర్డ్ పట్టణంలో గుర్రం మీద ఆయన విగ్రహం నిలబెట్టారు. ఆయన కథ వేరే ప్రసంగానికి సరిపడా వుంది గనుక ఇంతటితో వదులుతాము.

ఇక సైకిళ్ళు. కొండసైకిలు 1970లలో కాలిఫోర్నియాలో, టమల్‌పైస్ కొండ మీద పాత సైకిళ్ళతో దిగిన కుర్రాళ్ళ సరదాలో పుట్టింది. 1996 నాటికి అట్లాంటా ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. థెట్‌ఫర్డ్‌లో కొండ లేదు. ఉన్నదల్లా చిన్న చిన్న మిట్టలు, గుంటలు, చెట్ల మధ్య మూరెడు వెడల్పు బాట. హై లాడ్జ్ అనే చోట కార్లు ఆపుకొని బయలుదేరతారు. బాటలకు రంగులుంటాయి. ఆకుపచ్చ అందరికీ, నీలం కొంత అలవాటున్న వారికి, ఎరుపు నేర్పరులకు, నలుపు తెగించిన వారికి. పేర్లు కూడా ముచ్చటగా వుంటాయి. ఒకటి బీటర్, అంటే వేటలో పొదలు కొట్టి పక్షులను లేపేవాడు. ఇంకొకటి లైమ్ బర్నర్, అంటే సున్నం కాల్చేవాడు. ఆ నేల మీద ఒకప్పుడు పొట్ట పోసుకొన్న వారి పనులు సైకిలు బాటల పేర్లుగా నిలిచాయన్నమాట.

ఇసుకకు ఒక మంచి గుణముంది. నీరు నిలవనివ్వదు. చుట్టుపక్కల బంకమన్ను పొలాలు జనవరిలో కాలు పెడితే దిగబడుతుంటే, అడవి బాట గట్టిగా వుంటుంది. చలికాలమంతా ఇంట్లో కూర్చుని మధుమేహం పెంచుకొనే మన జాతికి ఇంతకంటె వరం లేదు. కాని వేసవిలో నాలుగు వారాలు వాన లేకపోతే అదే బాట మలుపుల్లో పొడి ఇసుక పోగవుతుంది, పిండి జల్లించి పోసినట్టు. అక్కడ ముందు చక్రం బరువు తగ్గించాలి, చూపు దూరంగా పెట్టాలి, తేలిక గేరులో తొక్కుతూనే వుండాలి. టైరులో గాలి కాస్త తక్కువుంటే మేలు. అన్నిటికంటె ముఖ్యంగా ముందు బ్రేకు ముట్టుకోకూడదు. ఇవన్నీ మాకు తెలుసు. తెలిసీ జరిగినదే ఇప్పుడు చెప్పబోయేది.

మాలో ఒకరి నాన్నగారు కిందటి వేసవిలో చీరాల దగ్గరి పల్లె నుంచి వచ్చారు. అరవై ఆరేళ్ళు. రిటైరైన హైస్కూలు మాస్టారు. ముప్ఫయ్యేళ్ళు సరుగుడు తోటల ఇసుకలో సైకిలు తొక్కి బడికి వెళ్ళినవారు. "ఇసుకలో సైకిలు నాకు నేర్పుతారుట్రా!" అని నవ్వి మాతో బయలుదేరారు. మొదటి గంట ఆకుపచ్చ బాట మీద ఆయన ముందు, మేము వెనక. చెట్ల మధ్య గాలి చప్పుడు విని, అచ్చం మా తోటలో మాదిరే వుందిరా అన్నారు. మాకు ఉత్సాహం ఎక్కువైంది. దారి చీలిన చోట ఎర్ర బాణం వైపు తిప్పాము. "ఈ రంగేమిటర్రా?" అని అడిగారు. "ఏమీ లేదు మాస్టారూ, కాస్త మలుపులుంటాయి, అంతే" అన్నాము. అది అబద్ధం.

మూడో దిగుడు కింద ఇసుక మలుపు. మాస్టారికి ఇసుక తెలుసు. తెలియనిది బ్రేకు. ఊళ్ళో ఆయన సైకిలు బ్రేకు రెండు చేతులా బలమంతా పెట్టి నొక్కితే గాని పట్టేది కాదు. మేమిచ్చిన సైకిలుకు నూనెతో పనిచేసే డిస్కు బ్రేకులు. ఒక్క వేలితో పట్టేస్తాయి. ఆయన అలవాటు చొప్పున రెండూ బిగించారు. ముందు చక్రం ఇసుకలో పాతుకుపోయింది, మనిషి హ్యాండిలు మీదుగా వెళ్ళి భుజం మీద పడ్డారు. బయలుదేరే ముందు కార్లు ఆపిన చోట రెండు నిమిషాలు బ్రేకు నొక్కి చూపించి వుంటే సరిపోయేది. కొత్తవాళ్ళకు చూపిస్తాము. ఆయన మాస్టారు గనుక, ఆయనకు నేర్పడమేమిటని మొహమాటపడ్డాము.

కాలర్ బోను విరిగింది. అంబులెన్సుకు ఫోను చేస్తే ఎక్కడున్నారని అడిగారు. నాలుగు దిక్కులా ఒకే తీరు చెట్లు. "పైన్ చెట్ల మధ్య" అన్నాడు మావాడు. అవతలి ఆమె ఏమనుకొన్నదో గాని, ఓపికగా మళ్ళీ అడిగింది. చివరకు చున్నీతో చెయ్యి కట్టి, ముక్కాలు మైలు నడిపించి అడవి రోడ్డుకు చేర్చాము. దారిలో ఆయన మా వైపు చూడలేదు. నొప్పి వల్లనా, కోపం వల్లనా అని ఆ రోజంతా మాలో మేము తర్కించుకొన్నాము.

ఎమర్జెన్సీ విభాగంలో చూసినందుకు ఈ దేశంలో ఎవరినీ డబ్బడగరు. కాని చుట్టపు చూపుగా వచ్చినవారిని ఆసుపత్రిలో చేర్చుకొంటే బిల్లు వస్తుంది. ప్రయాణ బీమా పత్రం తీసి చూస్తే ఇటువంటి ఆటలకు వర్తించదని చిన్న అక్షరాల్లో వుంది. ఆపరేషను అక్కరలేదని డాక్టరు చెప్పేదాకా మా ప్రాణాలు మా చేతిలో లేవు. తిరుగు టిక్కెట్టు మార్చవలసి వచ్చింది. ఊళ్ళో వున్న అమ్మకు మూడు రోజులు చెప్పలేదు. దానికే ఆమె ఎక్కువ బాధపడింది.

ఇదీ జరిగినది. దీని మీద సంఘంలో రెండు మాటలు వినిపించాయి. మన వాళ్ళకు ఈ అడవులూ ఆటలూ ఎందుకు, తెల్లవాళ్ళ సరదాలు అని కొందరు. ప్రమాదాలు ఎక్కడ జరగవు, పట్టించుకోవద్దు అని మరి కొందరు. మాకు రెండూ సరిపడలేదు. మొదటి మాటకు మాస్టారే సాక్షి. ఇసుకలో సైకిలు ఆయనకు ముప్ఫయ్యేళ్ళ బతుకుతెరువు, తెల్లవాళ్ళ దగ్గర నేర్చినది కాదు. రెండో మాట ఇంకా తప్పు. మా తప్పును అడవి మీదా, అదృష్టం మీదా వెయ్యడం అది. ఆయనకు రంగు చెప్పలేదు, బ్రేకు చూపలేదు, బీమా చూడలేదు.

అందువల్ల ఇప్పుడు కొత్తగా వచ్చినవారెవరైనా, డాక్టరైనా మాస్టారైనా, కార్ల దగ్గర పావుగంట బ్రేకులు నొక్కి చూసిన తర్వాతే కదులుతారు. ఎర్ర బాట కావాలన్నవారు దాని పేరు పెట్టి అడగాలి, మేము తీసుకుపోము. మేమెక్కడున్నామో ఫోనులో చూసి చెప్పగలిగిన మనిషి ప్రతి జట్టులో ఒకరుంటారు. ఇంటికి వచ్చాక పిల్లల కాళ్ళూ చంకలూ వెతికి పిడుదులు చూడాలి. వాటి కాటు వల్ల లైమ్ జ్వరం వస్తుంది. చెట్లు కొట్టేసిన ఖాళీల్లో వసంతం నుంచి వేసవి చివరిదాకా నైట్‌జార్, వుడ్‌లార్క్ పక్షులు నేల మీదనే గుడ్లు పెడతాయి గనుక బాట దిగకూడదు. ఈ నైట్‌జార్ ఆఫ్రికా నుంచి వచ్చే పక్షి. జూన్‌లో పొద్దు వాలాక రాట్నం తిప్పినట్టు ఆగకుండా కూస్తుంది. దానికోసమైనా ఒక సాయంత్రం పిల్లలను తీసుకురండి, సైకిలు ఎక్కకపోయినా సరే.

సంఘం పేరు వుంచడం, తీయడం కార్యవర్గం ఇష్టం. ఏ పేరుతోనైనా వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం తొమ్మిదింటికి హై లాడ్జ్ దగ్గర వుంటాము. పులిహోర మా వంతు. హెల్మెట్ మీరు తెచ్చుకోవాలి. మాస్టారు జూన్‌లో మళ్ళీ వస్తున్నారు. కిందటి వారం ఫోనులో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఆ సైకిలు హ్యాండిలు వంకర తీయించారా లేదా అని. తీయించాము.