పెద్దప్రేగు కాన్సరు: మందుల కూర్పును తూచిన విధము
(ఉపన్యాస పాఠము)



పెద్దప్రేగునందో పురీషనాళమునందో పుట్టిన కాన్సరు కాలేయమునకును ఊపిరితిత్తులకును ప్రాకిన పిదప, శస్త్రచికిత్సచే దానిని సమూలముగ తీసివేయుట పెక్కుమందిలో అసాధ్యము. అట్టి రోగికి మందు సంపూర్ణారోగ్యమునిచ్చుట అరుదు; కొంత ఆయువును, కొంత ఉపశమనమును మాత్రము ఈయగలదు. ఆ కొంత యెంత? అందులకు చెల్లించు మూల్యమెంత? ఈ రెంటిని నిజాయితీతో లెక్కించుటయే మందుల పరీక్ష.

ఈ వ్యాధికి చిరకాలముగ వాడబడుచున్న మందు ఫ్లోరోయురాసిల్. అమెరికాలో చార్లెస్ హైడెల్‌బర్గరును ఆయన సహచరులును దీనిని 1957లో ప్రకటించిరి. కణము తన జన్యుసూత్రమును అల్లుకొనుటకు వలసిన పదార్థమువలె నటించి, ఇది ఆ యల్లికను చెరచును. ల్యూకోవొరిన్ అను తోడు మందు దాని పట్టును బిగించును. ఇది ఫోలిక్ ఆమ్లమునకు రూపాంతరము. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వముననే లేడర్లీ ప్రయోగశాలవారు 1940ల దశకమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిరి.

మూడవది ఆక్సాలిప్లాటిన్. జపానుదేశమున నగోయా నగరములో యొషినోరి కిదాని దీనిని 1976లో రూపొందించెను. ఇందలి ప్లాటినము జన్యుసూత్రపు పోగులను ముడివేయును. దెబ్బతీయు దారులు వేరగుటచే, కలిసినచో బలము హెచ్చునని వైద్యులు ఆశించిరి. కాని ఆశ సాక్ష్యము కాదు.

అందుచే ఫ్రాన్సుదేశపు వైద్యుడు ఏమెరి ద గ్రామోన్, ఆయన సహచరులు 420 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగ విభజించిరి. బలవంతులనందరిని ఒకవైపు చేర్చినచో గెలిచినది మందో, దేహబలమో తెలియదుకదా! ఒక వర్గమునకు పాత మందులు, రెండవదానికి వానితోపాటు ఆక్సాలిప్లాటిన్, రెండు వారములకొకమారు ఇచ్చిరి.

ఫలితములు 2000లో వెలువడెను. జమవైపు చూడుడు: కంతి బాగుగ కుదించుకొనినవారు నూటికి 22 నుండి 51కి పెరిగిరి. వ్యాధి ముదరక నిలిచిన కాలము, వరుసలో నడిమి రోగి లెక్కన, 6.2 నెలలనుండి 9 నెలలయ్యెను. ఖర్చువైపు చూడుడు: తెల్లరక్తకణములు మిక్కిలి తగ్గినవారు నూటికి 5 నుండి 42కి పెరిగిరి, పనులకు అడ్డువచ్చునంతగ చేతులు, కాళ్లు తిమ్మిరెక్కినవారు కొత్త వర్గమున నూటికి 18 మంది, పాత వర్గమున ఒక్కరును లేరు. ఆయువు 14.7 నెలలనుండి 16.2 నెలలకు పెరిగినను, ఆ తేడా కాకతాళీయము కాదని చెప్పుటకు లెక్క చాలలేదు. పరీక్షకులు దానిని దాచక ప్రకటించిరి.

పిమ్మట ఉత్తర అమెరికాలో 795 మందిపై మూడు కూర్పులను పోల్చిరి. 2004లో ప్రకటింపబడిన ఆ ఫలితములలో ఈ కూర్పు పొందినవారి నడిమి ఆయువు 19.5 నెలలు, అప్పటివరకు అచట ప్రమాణముగనున్న, ఇరినోటెకాన్ చేరిన కూర్పునకు 15 నెలలు. ఈమారు తేడా స్థిరపడెను.

జమ మాత్రమే వ్రాసి ఖర్చు విడిచిన చిట్టా చెల్లదు. మందు విషయమునను అంతే. తమకే పాలు వచ్చునో యెరుగకయే సమ్మతించి, తమ దేహములనే త్రాసునకెక్కించిన ఆ రోగుల ఋణము తరువాతివారిపై కలదు.

ఇంత శ్రమకును దక్కినది నెలల లెక్క. ప్రాకకముందే పట్టుబడినచో శస్త్రచికిత్సచే ఈ వ్యాధి పెక్కుమందికి నయమగును. కావున మలమున నెత్తురు కనబడినపుడు మొలలేయని యుపేక్షింపక, వెంటనే వైద్యునకు చూపవలయును.