తెగిన వేలు, తెగిపోని హక్కు



విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లలో, లేతు యంత్రాల వద్ద, వెల్డింగు మెరుపుల నడుమ మన యువకులెందరో పని నేర్చుకుంటున్నారు. చదువు ఆగిపోయిన కుర్రవాడికి ఉస్తాద్ నేర్పే పని అన్నం పెట్టే విద్య. కాని ఆ విద్యకు కన్నూ, వేలూ మూల్యం కారాదు.

గాయపడిన యువకుని ఇంట మొదట వినిపించే మాట ‘కిస్మత్’. రెండవది, ‘ఉస్తాద్ మనవాడే, అడిగితే ఏం బాగుంటుంది?’ ఈ రెండు మాటల మధ్య ఆసుపత్రి కాగితాలు పోతాయి, సాక్షులు చెదిరిపోతారు, హక్కు చేజారుతుంది.

అడగడం అత్యాశ కాదు. గాయానికి పరిహారమన్నది మన ఫిఖ్హ్‌కు కొత్త కాదు. పరుల వల్ల పోయిన ఒక్కొక్క వేలికి పది ఒంటెల దియత్ అందులో నిర్ణయమై ఉంది. పనిలో గాయపడిన కార్మికునికి యజమాని పరిహారం చెల్లించాలని దేశ చట్టమూ 1923 నుంచి చెబుతున్నది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఆ సూత్రాన్నే నిలిపింది. చట్టం లెక్కలో బొటనవేలు పోతే ఆర్జన శక్తిలో 30 శాతం నష్టం. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం.

ఉస్తాద్ కూడా పేదవాడే కావచ్చు. అందుకే షెడ్ల యజమానులందరూ కలిసి పనివారికి ముందుగానే బీమా చేయించాలి. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడమే నేరమని మరువరాదు.

చట్టం వేలిని కొలుస్తుంది, మనసును కొలవలేదు. చేతిని జేబులో దాచుకొని తిరిగేవాడు, యంత్రం చప్పుడుకు ఉలిక్కిపడేవాడు, పెళ్లి మాట ఎత్తగానే లేచిపోయేవాడు మన ఇళ్లలో ‘మొండివాడు’ అనిపించుకుంటున్నాడు. అది మొండితనం కాదు, మానని గాయం. వానితో నెమ్మదిగా మాట్లాడండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలిమానస్ సలహాదారులు పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

మసీదు కమిటీలకు నా విన్నపం ఒక్కటే. మొహల్లాలో ఎవరు గాయపడినా మొదటి వారంలోనే వైద్య పత్రాలు, సాక్షుల పేర్లు భద్రపరచి, ఆ కుటుంబానికి తోడుగా కార్మిక శాఖ అధికారి వద్దకు వెళ్లండి. ఒంటెను కట్టి, ఆ తరువాతే అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త (స) బోధ. కంటికి అద్దాలు, యంత్రానికి కవచం, చేతిలో బీమా పత్రం: ఆటోనగర్‌లో మనం కట్టవలసిన తాళ్లు ఇవే.