పెద్దల మాటే మన పత్రం: దాన్ని ఎలా అడగాలి?



మన ఊరి పొలిమేర, ఇలవేల్పు కథ, ఏ పోడు ఎవరు కొట్టారన్నది... ఇవన్నీ కాగితం మీద కాదు, పెద్దల నోట మన దాకా వచ్చాయి. అందుకే ఈ రోజు జ్ఞాపకం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఉపాధ్యాయ శిక్షణలో మేము చదువుకున్న మనోవిజ్ఞానంలో మన ఊళ్లకు పనికొచ్చే సంగతి ఇది.

జ్ఞాపకం గాదెలో పోసిన గింజలు కాదు, పోసినవి పోసినట్టే తీసుకోవడానికి. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ కూర్చుకుంటుంది. తర్వాత విన్నవీ, ఎదుటివారు అడిగిన తీరూ అందులో కలిసిపోతాయి.

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన బార్ట్‌లెట్ 1932లో ఒక పుస్తకం వేశారు. ఆయన తన పరిశోధనకు వాడుకున్నది ఉత్తర అమెరికా ఆదివాసుల కథ. దాన్ని అక్కడి వారితో చదివించి, కొంతకాలం తర్వాత చెప్పమన్నారు. కథ కురచైపోయింది. దోనె కాస్తా మామూలు పడవ అయింది, సీల్ జంతువుల వేట చేపల వేట అయింది. ఎవరూ అబద్ధం ఆడలేదు. తమకు తెలిసిన లోకానికి తగ్గట్టు వాళ్ల మనసే సర్దుకుంది. మన కథలు బయటివారి నోట మారిపోయేదీ ఇలాగే.

1974లో అమెరికాలో లాఫ్టస్, పామర్ అనే ఇద్దరు కార్లు గుద్దుకున్న ఫిల్మ్ విద్యార్థులకు చూపించారు. కొందరిని 'తగిలినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?' అని, కొందరిని 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?' అని అడిగారు. పెద్ద మాట విన్నవారు ఎక్కువ వేగం చెప్పారు. వారం తర్వాత 'పగిలిన అద్దం చూశారా?' అని అడిగితే, పెద్ద మాట విన్న 50 మందిలో 16 మంది, చిన్న మాట విన్న 50 మందిలో 7గురు చూశామన్నారు. ఆ ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు!

పదేపదే విన్న మాట నిజమనిపిస్తుందని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు ఎలా పాకిందో చూశాం. పదిమంది పంపారు కాబట్టి నిజమే అనుకున్నారు. అమాయకుల ప్రాణాలు పోయాయి.

ఇక మన భూమి సంగతికి వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి మన సాగులో ఉండాలి. 2008 నిబంధనల్లో 13వ నిబంధన, హక్కు కోరేవారు కాని పెద్దలు చెప్పగా రాసిన మాటను కూడా సాక్ష్యంగా ఒప్పుకుంది. అంటే తాత జ్ఞాపకం చేనుకు పత్రంతో సమానం. మరి ఆ జ్ఞాపకాన్ని మనం ఎలా అడుగుతున్నాం?

'2005కు ముందు నుంచే దున్నుతున్నారు కదా తాతా?' అని అడగకూడదు. జవాబు మనమే నోట్లో పెట్టినట్టవుతుంది. 'ఈ చేను సంగతి చెప్పు తాతా' అని, మధ్యలో అడ్డు రాకుండా వినాలి.

మన పెద్దలు క్యాలెండర్‌తో కాలం లెక్కపెట్టరు. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చిన పెద్ద వరద వాళ్లకు గుర్తు. రెండేళ్లకోసారి వచ్చే సమ్మక్క జాతర గుర్తు. 'ఆ వరదకు ముందా, తర్వాతా?' అని అడిగితే కాలం దానంతటదే తేలుతుంది.

పెద్దలను ముందు విడివిడిగా అడగాలి, ఆ తర్వాతే కలిపి కూర్చోబెట్టాలి. ఒకరి మాట ఇంకొకరి జ్ఞాపకంలోకి తేలిగ్గా పోతుంది. చెప్పిన మాట కోయలో అయితే కోయలోనే, తేదీ వేసి, ఫోన్‌లో రికార్డు చేయాలి. 'తెలీదు బిడ్డా' అంటే తెలీదనే రాయాలి.

'జ్ఞాపకం మారేదైతే పెద్దల మాటకు విలువేముంది?' అని ఎవరైనా అడగవచ్చు. ఏటా దున్నిన చేను, నాటిన చెట్టు, పూడ్చిన తాత సమాధి మనిషి అంత తేలిగ్గా మరవడు. జారేవి చిన్న చిన్న వివరాలు, కలిసేవి అడిగినవాడి మాటలు. అయిదుగురు పెద్దలు ఒకే వాక్యం అప్పజెప్పినట్టు చెబితే విచారణలో అనుమానం వస్తుంది. నిజమైన హక్కు కూడా దానితోపాటే పోతుంది. అందుకే గ్రామసభ ఒకటికి మించిన సాక్ష్యాలు చూడాలని నిబంధన చెబుతోంది. మాటకు తోడుగా చెట్టు, బావి, సమాధి కూడా చూపించాలి.

హాస్టల్‌లో మేమూ ఇదే పాటిస్తాం. పెట్టెలో వస్తువు పోతే 'వాడే తీశాడు కదా?' అని పిల్లల్ని అడగం. చిన్నపిల్లలు పెద్దవాళ్ల మాటకు తలూపుతారు, తర్వాత అదే చూశామని నమ్ముతారు. తప్పు చేయని బిడ్డ మీద దొంగ ముద్ర పడుతుంది. 'నువ్వేం చూశావో చెప్పమ్మా' అంటే చాలు.

పిల్లలూ, వచ్చే సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు తాత దగ్గర, అవ్వ దగ్గర కూర్చోండి. తక్కువ అడగండి, ఎక్కువ వినండి, విన్నది విన్నట్టు రాయండి. ఆ నోటు పుస్తకం రేపు మన ఊరికి అక్కరకొస్తుంది.

జై ఆదివాసీ!