నారింజ పేరు పెట్టుకున్న బియ్యపు ఉండ

(మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, వైద్య ఖర్చులు, కరువు భత్యం గురించి మాట్లాడుకునే వేదికమీద నూనెలో వేయించిన తీపి ఉండల ప్రసక్తి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కరువు భత్యం అన్న మాటలో కరువు దాగి ఉన్నట్టే, ఈ ఉండ వెనుక కూడా ఒక కరువు కథ ఉంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మధ్యధరా సముద్రంలోని దీవులన్నింటిలోకి పెద్దది ఇటలీకి చెందిన సిసిలీ. దాని ముఖ్యపట్టణం పాలెర్మో. అక్కడ ఏటా డిసెంబరు 13న సాంతా లుచియా పండుగ జరుగుతుంది. ఆ రోజు పాలెర్మో వాసులు గోధుమ రొట్టె గాని, పాస్తా గాని ముట్టరు. గోధుమే ప్రధానాహారమైన ఊళ్లో ఆ ఒక్కరోజూ బియ్యానిదే రాజ్యం.

కారణంగా వారు చెప్పుకునే కథ ఇది. 1646లో ఆ దీవిలో ఘోరమైన కరువు వచ్చింది. జనం లుచియాను ప్రార్థించగా గోధుమల ఓడ రేవుకు చేరిందట. ఆకలితో ఉన్నవారికి పిండి విసిరి రొట్టె కాల్చుకునే ఓపిక ఎక్కడిది? గింజలను ఉన్నవి ఉన్నట్టే ఉడికించుకుని తిన్నారు. మన భాషలో చెప్పాలంటే గుగ్గిళ్లు! నేటికీ ఆ పండుగనాడు ఉడికించిన గోధుమ గింజలతో ‘కుచ్చీయ’ అనే వంటకం చేస్తారు. దానికి తోడు బియ్యపు ఉండలు, అంటే ‘అరంచీనా’లు. మామూలుగా వాటిలో మాంసమో, బఠాణీలో, జున్నో పెడతారు. పండుగకు మాత్రం చాక్లెట్ పెట్టిన తీపి ఉండలు కూడా చేస్తారు.

అరంచీనా అంటే చిట్టి నారింజ. వేగాక ఆ రంగు, ఆ ఆకారం వస్తాయి కనుక ఆ పేరు. సంస్కృతంలోని ‘నారంగ’ పారశీకం మీదుగా అరబ్బీలోకి, అక్కడినుంచి ఇటలీకి వెళ్లి ‘అరాంచా’ అయింది. మన ‘నారింజ’ కూడా ఆ కుటుంబంలోదే. తొమ్మిదవ శతాబ్దంలో సిసిలీని జయించిన అరబ్బులు పుల్లనారింజను, చెరకును అక్కడికి తెచ్చారు. చాక్లెట్ మాత్రం మెక్సికోనుంచి స్పెయిన్ వారి ద్వారా చేరింది. అన్నట్టు దీవికి తూర్పున ఉన్న కటానియా వాళ్లు ఈ ఉండను పుంలింగంలో ‘అరంచీనో’ అంటారు. ఏది సరైనదన్న వాదం ఆ రెండు ఊళ్లకూ ఎప్పుడూ ఉన్నదే.

ఇక తయారీ మనవి చేస్తాను. మన పూర్ణం బూరెలు చేసిన చేతులకు ఇది కష్టం కాదు.

పులావుకు పాత బియ్యం కావాలి. దీనికి కొత్త బియ్యం కావాలి. మెతుకు అంటుకోవడమే ఇక్కడ గుణం. పావుకిలో బియ్యానికి లీటరు పాలు, చిటికెడు ఉప్పు వేసి సన్నని సెగమీద అడుగంటకుండా కలుపుతూ ఉడికించాలి. మెతుకు మెత్తబడ్డాకనే 60 గ్రాముల పంచదార వేయాలి. ముందే వేస్తే బియ్యం సరిగా ఉడకదు. కొంచెం వెన్న, దాల్చినచెక్క పొడి, నారింజ తొక్క పైపొర తురుము కలపాలి. తొక్కలోని తెల్లభాగం పడితే చేదు వస్తుంది. పాలన్నీ ఇగిరి గట్టిపడ్డాక వెడల్పు పళ్లెంలో పరిచి, వేడి తగ్గగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉడికిన అన్నం గంటల తరబడి బయట ఉంటే చెడు చేస్తుంది. ఈ వయసులో మనం మరీ జాగ్రత్తగా ఉండాలి.

బాగా చల్లబడ్డాక తడిచేత్తో నిమ్మకాయంత ముద్ద తీసుకుని అరచేతిలో గిన్నెలా వత్తాలి. మధ్యలో ఐదారు గ్రాముల చాక్లెట్ ముక్క పెట్టి మూసి గుండ్రంగా చేయాలి. ఎక్కడా పల్చన కాకూడదు. చాక్లెట్ మన ఒంటి వేడికే కరుగుతుంది. సందు దొరికితే నూనెలోకి దూకి మాడుతుంది. వంద గ్రాముల చాక్లెట్‌తో పదహారు, పద్దెనిమిది ఉండలు వస్తాయి.

బూరెల తోపు పిండికంటే పల్చగా మైదా కలిపి, ఉండను ముంచి, రొట్టెపొడిలో దొర్లించాలి. రొట్టె మానిన రోజున రొట్టెపొడి ఏమిటని అడుగుతారేమో! ఏకాదశినాడు అన్నం మాని గోధుమరవ్వ ఉప్మా తినే మనకు ఆ సడలింపు అర్థం కాకపోదు.

మూకుడులో ఉండలు మునిగేంత నూనె పోసి కాచాలి. పిండిచుక్క వేస్తే వెంటనే పైకి తేలాలి. ఒక్కసారికి నాలుగైదుకు మించి వేస్తే నూనె చల్లారి ఉండలు విచ్చుకుంటాయి. లోపల అన్నం ఉడికినదే కనుక పైన నారింజ రంగు వస్తే చాలు. తీసి కాగితంమీద ఆరనిచ్చి, దాల్చినచెక్క కలిపిన పంచదారలో దొర్లించాలి. ఐదు నిమిషాలు ఆగి తినాలి. పైన చల్లారినట్టున్నా లోపలి చాక్లెట్ నాలుక కాలుస్తుంది. పిల్లలకు ముఖ్యంగా చెప్పండి.

బియ్యం, పంచదార, నూనె మూడూ ఉన్న వంటకం ఇది. మధుమేహం ఉన్న మిత్రులు వైద్యుని మాట దాటవద్దు. లుచియాను అక్కడివారు కంటిచూపును కాపాడే పునీతురాలిగా కొలుస్తారు. మధుమేహం ఉన్నవారు ఏటా ఒకసారి కళ్లు పరీక్ష చేయించుకోవాలని ఈ సందర్భంగా గుర్తుచేస్తున్నాను.

చివరిగా ఒక్క మాట. గోధుమల ఓడ మనకూ కొత్త కాదు. 1956లో అమెరికాతో కుదిరిన పి.ఎల్. 480 ఒప్పందం కింద మన రేవులకు గోధుమలు వచ్చాయి. 1965, 1966 సంవత్సరాల్లో వరుసగా వానలు లేనప్పుడు దేశం ఆ ఓడలకోసం ఎదురుచూసింది. వరి అన్నం తప్ప ఎరగని ఇళ్లలో రేషను గోధుమలను ఎలా వండాలో తెలియక ఆడవాళ్లు పడ్డ అవస్థ ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకు ముందుతరాలు 1832-33 నాటి నందన కరువునూ, 1876-78 నాటి ధాత కరువునూ పేర్లు పెట్టి మరీ జ్ఞాపకం ఉంచుకున్నాయి.

సిసిలీవారు మూడున్నర శతాబ్దాలుగా ఏటా ఒకరోజు రొట్టె మాని ఆ ఆకలిని పిల్లలకు చెబుతున్నారు. ఆకలి మాట విని పిల్లలు బెదరకుండా చేతిలో ఒక తీపి ఉండ కూడా పెడుతున్నారు. మన మనుమలకు రేషను క్యూ అంటే తెలియదు. తెలియకపోవడం మన అదృష్టమే. కాని పళ్లెంలో వదిలేసే అన్నం విలువ వారికి చెప్పగల ఆఖరి తరం మనదే. సెలవు రోజున పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఉండలు చుట్టించండి. చేతులు పనిలో ఉన్నప్పుడు చెవులు బాగా వింటాయి. అప్పుడు ఆ ఓడల సంగతి చెప్పండి.