‘సూపర్‌గా ఉంది’ అంటే నాకేం కనపడుతుంది?

ఈ రోజు టాపిక్ వర్ణన. ఆ మాట వినగానే టెన్త్ క్లాస్ తెలుగు పేపర్ గుర్తొచ్చి వీడియో మార్చేయకండి. ఒక్క ఐదు నిమిషాలు ఉండండి.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో మాకు బగ్ టికెట్లు వచ్చేవి. ‘యాప్ సరిగ్గా పనిచేయట్లేదు’ అని ఒకటి. దాన్ని పట్టుకుని ఏం చేస్తాం? ఇంకోటి, ‘పే బటన్ రెండుసార్లు నొక్కితే స్క్రీన్ తెల్లగా అయిపోతోంది.’ ఇది చదవగానే ఆ తెల్ల స్క్రీన్ కళ్ల ముందుకొచ్చేసేది. మనం రాసేవి ఎక్కువగా మొదటి రకం టికెట్లే. ‘అరకు సూపర్‌గా ఉంది.’ ‘అమ్మమ్మ వాళ్ల ఊరు చాలా అందంగా ఉంటుంది.’ సరే, మీకు నచ్చింది. నాకేం కనపడింది?

రష్యన్ రచయిత చెకోవ్ 1886లో వాళ్లన్న అలెగ్జాండర్‌కి రాసిన ఉత్తరంలో ఈ సంగతే చెప్పాడు. వెన్నెల రాత్రి గురించి రాయాలంటే, మిల్లు గట్టు మీద పగిలిన సీసా ముక్క చుక్కలా మెరిసిందని, ఓ కుక్క నీడ నల్లగా కదిలిపోయిందని రాస్తే చాలట. చదివేవాడికి వెన్నెల దానంతటదే వచ్చేస్తుంది.

మా ఫ్రెండ్ ఒకడు వాళ్ల నాన్న సంవత్సరీకానికి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడదామని నాలుగు లైన్లు రాసి నాకు పంపాడు. ‘నాన్న దేవుడు. కష్టజీవి. ఆయన లేని లోటు తీరనిది.’ ఒక్కటీ అబద్ధం కాదు. కానీ అక్కడ ఏ నాన్న ఫోటో పెట్టినా సరిపోతుంది. ఫోన్ చేశా. ‘ఒరేయ్, రాత్రిపూట అంకుల్ వచ్చారని నీకెలా తెలిసేది?’ అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. ‘టీవీఎస్ ఎక్సెల్ స్టాండ్ వేసిన చప్పుడురా’ అన్నాడు. ఆయన టైలర్. చొక్కా నిండా మిషన్ ఆయిల్ వాసన. మోచేతులకి రంగురంగుల దారప్పోగులు అంటుకుని ఉండేవట. అన్నం వడ్డిస్తూ వాళ్లమ్మ ఒక్కొక్కటీ తీసేదట. ‘కష్టజీవి’ కొట్టేశాడు, దారప్పోగులు ఉంచాడు. దాని కింద వాళ్ల మేనత్త వాయిస్ నోట్ పెట్టింది. సగం ఏడుపే.

గమనించారా, అందులో కంటికి కనిపించేది దారం ఒక్కటే. మిగతావి చప్పుడు, వాసన. ఫోన్ కెమెరా అలవాటైపోయి మనం కంటికి కనిపించిందే రాస్తాం. మన భాషలో చెవికి బోలెడు మాటలున్నాయి. వాన చిటపటమని మొదలవుతుంది, టపటపా పెరుగుతుంది, జోరందుకుంటుంది. ముసురు పట్టిందంటే చాలు, ఆరని బట్టల వాసన కూడా వచ్చేస్తుంది. ‘భారీ వర్షం’ న్యూస్ స్క్రోలింగ్‌కి వదిలేద్దాం.

అలాగని అన్నీ కుమ్మరించకండి. గోడ రంగు, ఫ్యాన్ కంపెనీ, మంచం సైజు... చదివేవాళ్లకి ఓఎల్ఎక్స్ యాడ్‌లా ఉంటుంది. రెండో మూడో చాలు. అవి అక్కడున్న మనిషికే తెలిసేవి అయ్యుండాలి.

హోంవర్క్. ఇవాళ రాత్రి వంటింట్లో లైట్ తీసేసి రెండు నిమిషాలు నిలబడండి. అమ్మ ‘ఏంట్రా ఇది’ అంటే నా పేరు చెప్పండి. వినిపించింది, వాసనొచ్చింది, కాలికి తగిలింది, ఇవి మాత్రమే ఐదు లైన్లు రాయండి. ‘అందం’, ‘అద్భుతం’, ‘సూపర్’ బ్యాన్. నెక్స్ట్ ఎపిసోడ్‌లో డైలాగులు రాయడం చూద్దాం. బై!