పదుగురి చోటు – పాటింపవలసిన కట్టుబాటు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసపాఠము)



'పోరంబోకు' అను మాట నేడు తిట్టుగా మారినది. పనిపాటలు లేక తిరుగువానిని జనులు ఆ మాటతో నిందింతురు. కాని గ్రామపు లెక్కలలో దానికి గౌరవమైన అర్థము కలదు. శిస్తు లెక్కకు వెలుపల నుంచిన భూమి పోరంబోకు. బాట, చెరువు, కళ్లము, శ్మశానము, మందబైలు ఒకరి పట్టాలో చేరకుండుట అవి యెవరివియు కానందున గాదు, అందరివియు నైనందున. ఈ భేదమును మఱచుటవలననే ఊళ్లలో పెక్కు తగవులు పుట్టుచున్నవి.

పూర్వులు ఈ విషయమును ఉపేక్షింపలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో వీధియందు మట్టి పోసినవానికి పణములో ఎనిమిదవ వంతును, బురదతో గాని నీటితో గాని దారి నడ్డగించినవానికి నాలుగవ వంతును దండముగా విధింపబడినవి. రాజమార్గమైనచో దండము రెట్టింపు. పుణ్యస్థలములను అశుచి చేసినవారికిని దండము కలదు. కాని ఔషధసేవవలననో, వ్యాధివలననో, భయమువలననో అట్లు జరిగినచో దండము లేదు. కట్టుబాటు గట్టిగా నుండవచ్చును గాని దయలేనిదిగా నుండరాదని దీని భావము.

ఆంధ్రదేశమున కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. అంతకుముందు ఓడ పగిలి ఒడ్డున బడిన వర్తకుల సొమ్మును రాజులు బలిమిని లాగికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకము మాత్రమే యని రాతిపై చెక్కించెను. సుంకము తక్కువ యగుటకన్న, అది యెంతయో అందరికిని తెలియుటయే వర్తకునకు పెద్ద అభయము.

నేటి వారపు సంతకు ఈ నీతి చక్కగా వర్తించును. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలునందలి 29 విషయములలో గ్రంథాలయములతోపాటు సంతలును, తిరునాళ్లును కలవు. ఆంధ్రప్రదేశమున 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమును, తెలంగాణమున 2018 నాటి చట్టమును గ్రామ వీధులను, సంతలను పంచాయతీ యజమాయిషీలో నుంచినవి. సంతలో వసూలగు రుసుమును కొన్నిచోట్ల ఆశీలనియు, కొన్నిచోట్ల తైబజారనియు అందురు. దానిని వసూలు చేయు హక్కును పలుచోట్ల వేలము వేయుదురు. పాట పాడినవాడు తాను కట్టిన సొమ్మును రాబట్టుకొనవలెను గదా! రేట్ల బోర్డు లేనిచోట వాని నోటిమాటయే రేటగును. లారీలో సరకు దెచ్చిన వర్తకుడు బేరమాడి తగ్గించుకొనును. తట్టెడు వంకాయలతో తెల్లవారుజామున నడిచివచ్చిన అవ్వ, బోణీయైనను కాకమునుపే అడిగినంత యిచ్చుకొనును. రసీదిచ్చినను చదువుకొనలేదు, ఎదిరించుటకు బలము లేదు. ఆ రుసుమునకు ప్రతిఫలముగా తలపై నీడయు, త్రాగునీరును దొరకనిచో ఆమె మొఱ వినువారెవరు? నిబంధన వ్రాసిపెట్టనిచోట నష్టపోవునది బలహీనుడే.

వీధి ప్రక్కన వర్తకము చేసికొనుట రాజ్యాంగము గుర్తించిన హక్కే యనియు, అది తగిన ఆంక్షలకు లోబడియుండుననియు సుప్రీంకోర్టు 1989లో సోదన్‌సింగ్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. 2014 నాటి వీధి విక్రేతల చట్టము పట్టణములకు ఏర్పడినది. పట్టణ విక్రయ సంఘములో నూటికి నలువదివంతులకు తక్కువ గాకుండ విక్రేతలే యుండవలెనని అందు కలదు. ఆ పద్ధతి గ్రామమునకును తగినదే. స్థలము పంచునపుడు అందు కూర్చుండువారిని అడిగి పంచవలెను.

ఉత్సవములకును ఇదే న్యాయము. 2000 నాటి శబ్దకాలుష్య నియమముల ననుసరించి లిఖితపూర్వకమైన అనుమతి లేక మైకు పెట్టరాదు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు బహిరంగ స్థలములందు మ్రోగింపరాదు. పండుగలకై ప్రభుత్వము ఏడాదికి 15 దినములకు మించకుండ అర్ధరాత్రివరకు సడలింపవచ్చును. పందిరి వేయువారు పరీక్షకు చదువుకొను పిల్లవానిని, పురిటి నొప్పులతో ఆసుపత్రికి పోవు బండిని తలచుకొన్నచో తగవునకు తావుండదు.

ఇక రోడ్డుపై ధాన్యము, మొక్కజొన్న ఆరబోయుట. చీకటిలో ఆ రాశులును, వాటి కడ్డముగా పెట్టిన రాళ్లును బండ్లపై పోవువారి ప్రాణములు తీయుచున్నవి. ఇది తప్పే. అయినను కౌలురైతు రోడ్డెక్కుటకు కారణమేమి? అందరికిని పనికివచ్చు కళ్లము ఆక్రమణ పాలైనచోట అతనికి మఱియొక చోటు లేదు. గ్రామపు ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగించుటకు పథకములు సిద్ధపఱుపుడని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్‌సింగ్ వ్యాజ్యమున రాష్ట్రములను ఆదేశించెను. కళ్లమును తిరిగి యీయక రైతును రోడ్డుపైనుండి తరుముట సగము న్యాయమే యగును.

కావున సంత రేట్లు, పందిరి వేయు చోటు, మైకు వేళలు, ఆరబోతకు విడిచిన స్థలము – ఇవి గ్రామసభలో చదివి, అందరి సమ్మతితో పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. ఒక ప్రతిని గ్రంథాలయమున నుంచవలెను. ఇచట చదువుకొను యువకులు వంతులవారీగా సంతనాడు ఒక గంట నిలిచి, చదువురానివారికి ఆ రేట్లు చదివి చెప్పినచో అంతకు మించిన గ్రంథాలయ సేవ లేదు.

ఈ గ్రంథాలయమున ఇరువదియైదేండ్లుగా ఒక చిన్న నియమము నడచుచున్నది. తీసికొన్న పుస్తకమును గడువులోగా తిరిగి యీయవలెను. ధనికునకును పేదకును అదే గడువు. అందువలననే ఒకరు చదివిన పుస్తకము మఱియొకరి చేతికి అందుచున్నది. ఊరి బాటయు, సంతయు, కళ్లమును ఎరువు దెచ్చుకొన్న పుస్తకముల వంటివే. చిరుగకుండ, చినుగకుండ వెనుకటివారికి అప్పగింపవలెను.

స్వస్తి.