పల్నాటి వానలు – సేద్యపు అదను
(రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



పల్నాటి వాతావరణాన్ని గూర్చి మీకు చెప్పబూనడం తాతకు దగ్గులు నేర్పినట్లే. ఏ మబ్బు కురుస్తుందో, ఏ మబ్బు మోసం చేస్తుందో మీ కంటికి తెలిసినంతగా మా పుస్తకాలకు తెలియదు. అయినా కొలిచి చూస్తే తప్ప బయటపడని సంగతులు కొన్ని ఉన్నవి. వాటినే మీ ముందు పెడుతున్నాను.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణంగా మన జిల్లా వేరుపడింది. అంతవరకు మన వాన లెక్క గుంటూరు జిల్లా లెక్కలో కలిసి ఉండేది. ఉమ్మడి జిల్లాకు ఏడాది సగటు సుమారు 850 మిల్లీమీటర్లు, అంటే పాత కొలతలో 33 అంగుళాల పైచిలుకు. తెనాలి, రేపల్లె వైపు సముద్రం దగ్గర కనుక వాన ఎక్కువ. మాచర్ల, గురజాల వైపు వచ్చేసరికి తగ్గుతుంది. ఈ మొత్తంలో అయిదింట మూడు వంతులు జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనం వల్ల కురుస్తుంది. నాలుగోవంతు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనం, తుపానుల వల్ల వస్తుంది. నైరుతి గాలి పడమటి కనుమలు ఎక్కేటప్పుడే తన తేమను చాలావరకు అక్కడ దింపుకొని వస్తుంది. అందుచేత మనకు మంచి వాన కావలెనంటే బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టవలెను. అది మరీ ఉత్తరంగా పోకుండా మన కోస్తాకు దగ్గరగా రావలెను.

ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మే నెలలో రెంటచింతల పేరు పత్రికలకెక్కని సంవత్సరం అరుదు. 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. మధ్యాహ్నం బయలుదేరిన సముద్రపు గాలి అంతదూరం రాకముందే నీరసిస్తుంది. పడమటి నుండి, వాయవ్యం నుండి పీఠభూమి మీదుగా పొడిగాలి తోలుతుంది. తడి నేలమీద ఎండలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. తడి లేని నేలమీద, నాపరాళ్ళ మీద ఆ ఖర్చు లేదు గనుక అంతా వేడిగానే మిగులుతుంది. ఈ ఎండ వల్ల ఒక్క మేలున్నది. వేసవి దుక్కి దున్నితే నేలలో దాగిన పురుగుల కోశాలు, తుంగ గడ్డలు పైకి తేలి మాడిపోతవి.

ఇక అసలు విషయం, విత్తే అదను. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలలో ప్రవేశిస్తుంది. మొదటి వాన పడగానే పత్తిగింజ పెట్టే తొందర మన గ్రామాలలో ఎక్కువ. 25 మిల్లీమీటర్ల వాన, నెర్రెలలోకి పోయింది పోగా, ఎండిన రేగడిలో నాలుగు అంగుళాలకు మించి దిగదు. గింజ మొలుస్తుంది. వేరు కిందికి పోయి పొడినేల తగిలి ఆగుతుంది. ఆపైన వారం పదిరోజులు ఎండ కాస్తే మొలక మాడుతుంది. మళ్ళీ విత్తనాల సంచి, మళ్ళీ కూలి, మళ్ళీ అప్పు! కౌలు రైతుకు ఇది మరీ దెబ్బ. పంట లేచినా లేవకున్నా కౌలు కట్టవలసిందే గదా.

కనుక తేలిక నేలలలో 50 నుండి 60, నల్లరేగడిలో 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడి పదును లోతుకు దిగిన తరువాతనే పత్తి విత్తవలెను. “ఆలస్యమైతే దిగుబడి తగ్గదా?” అని అడుగుతారు. కొంత తగ్గవచ్చు. కాని జూలై నడుమ వరకు ఆగినందువల్ల కలిగే నష్టం, సగం పాదులు చచ్చి మళ్ళీ విత్తినందువల్ల కలిగే నష్టం కన్నా తక్కువేనని నా అభిప్రాయం. జూలై ఆఖరు కూడా దాటితే పత్తి ఆలోచన మాని కంది చూసుకోవడం మేలు.

కార్తెల మాట వచ్చింది గనుక ఒక చిన్న విశేషం. కార్తె సూర్యుడున్న నక్షత్రాన్ని బట్టి ఏర్పడుతుంది; ఋతువు అలా కాదు. ఈ రెంటికీ 72 ఏళ్ళకు దాదాపు ఒక రోజు తేడా వస్తుంది. పల్నాటి యుద్ధం జరిగిన 12వ శతాబ్దంలో, బ్రహ్మనాయుడు చూచిన మృగశిర ఋతువు లెక్కలో ఇప్పటికన్నా పన్నెండు రోజులు ముందు వచ్చేది. కార్తె మంచి గుర్తే. కాని విత్తుటకు ఉత్తరువు మాత్రం పదునుదే.

విత్తిన తరువాత వచ్చే బెట్టలు రెండవ గండం. రెండడుగుల లోతు రేగడి పంటకు అందే నీరు సుమారు 100 మిల్లీమీటర్లు దాచుకొంటుంది. ఎదిగిన పంట రోజుకు 5 మిల్లీమీటర్లు వాడుకొంటే అది 20 రోజులకు వస్తుంది. అడుగున్నర లోతు ఎర్ర చెలకలో దాగేది 45 మిల్లీమీటర్లే. తొమ్మిది రోజులతో సరి. ఒకే వాన కురిసిన రెండు చేలలో ఒకటి పచ్చగా, ఒకటి వాడి కనిపించేది ఇందుకే. బెట్టలో గుంటక తోలి పైనేలను గుల్ల చేసి నెర్రెలు మూయవలెను. పొడినేలలో యూరియా చల్లడం దండగ. లీటరు నీటికి 20 గ్రాముల చొప్పున కలిపి ఆకుమీద పిచికారి చేయండి.

సాగరు కుడికాలువ కింద ఉన్న సోదరులు మరొక సంగతి గమనించవలెను. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదిలిన నాటినుండి మీకు రెండు ఆకాశాలు ఏర్పడినవి. ఒకటి మీ తలమీదిది. రెండవది కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం మీదిది. ఇక్కడ కుండపోతగా కురిసినా అక్కడ కురవకపోతే సాగరు నిండదు. ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం నిండిన వార్త వినకముందే వరి నారు పోయడం జూదమే.

సగటు అనే మాట ఎంత మోసకారో 2023వ సంవత్సరం చూపింది. 1901 నుండి ఉన్న లెక్కలలో దేశమంతటి మీద అతి తక్కువ వాన కురిసిన ఆగస్టు ఆ ఏటిదే. అదే ఏడు డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నీటికి ఎండిన చేలే నీటిలో మునిగినవి. విచ్చిన పత్తి తడిసింది, మిరపతోటలలో నీరు నిలిచింది. మిరప వేరుకు గాలి ఆడకపోతే ఒకటి రెండు రోజులలోనే మొక్క వాలుతుంది. కనుక తుపాను వార్త విన్నాక పార పట్టుకోవడం కాదు. సెప్టెంబరులోనే చేను వాలు చూసి మురుగు కాలువ తీయవలెను. నీరు తీసిన తరువాత లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారి చేస్తే మొక్క కోలుకొంటుంది. మార్చి, ఏప్రిల్ నెలలలో కల్లాల మీద మిరపకాయ ఉన్నప్పుడు పడే అకాలపు జల్లులకు పట్టాలు తప్ప ఉపాయం లేదు. భారత వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాలలో ఇచ్చే సూచనలు చూసి కాయ ఎండబోయండి.

చివరగా ఒక పని. అడుగు నుండి మూతిదాకా ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి తీసుకొని చెట్లకు, గోడలకు దూరంగా, నేలకు అడుగెత్తున పాతి పెట్టండి. ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో నీటి లోతు కొలిచి, నోటుపుస్తకంలో తేదీతో వ్రాసి, డబ్బా వంపేయండి. ఒక్క మిల్లీమీటరు అంటే ఎకరానికి నాలుగువేల లీటర్ల నీరు! మండల కేంద్రంలో కురిసిన వాన మీ చేలో కురవకపోవచ్చు. వాన లేని రోజున సున్నా వేయడం మరువకండి. బెట్ట ఎన్ని రోజులు సాగిందో ఆ సున్నాలే చెబుతవి.